పది తర్వాత ఏ దారి? పిల్లలకు సలహా చెప్పేవాళ్ల కోసం ఒక పోలిక

మన రెండు రాష్ట్రాల్లో కౌన్సెలింగ్ అనే మాటకు అర్థమే మారిపోయింది. ఆ మాట వినగానే గుర్తొచ్చేవి ర్యాంకు కార్డు, నెట్ సెంటరు, వెబ్ ఆప్షన్లు. పిల్లల్ని కూర్చోబెట్టి ఏం వచ్చో ఏం రాదో, ఇంట్లో పరిస్థితేంటో అడిగి దారి చెప్పే అసలు కౌన్సెలింగ్ దానికి చాలా ముందే జరగాలి. ఆ పని చేసేది ఎక్కువగా బడిలో లెక్కల మాస్టారో, ఇంజినీరింగ్ చదివిన పక్కింటి అక్కో, మేనమామో. ఈ పోలిక వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది.

పది తర్వాత ముందుండేవి ప్రధానంగా నాలుగు దారులు: ఇంటర్, పాలిటెక్నిక్ డిప్లొమా, ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీ, ఐటీఐ. వీటిని "ఏది గొప్ప" అని పోల్చడం దగ్గరే సలహా చెడుతుంది. పదిహేనేళ్ల పిల్లలు తమకేం కావాలో ఖాయంగా చెప్పలేరు. చెప్పినా రెండేళ్లలో మారొచ్చు, అందులో తప్పేం లేదు. అందుకే ప్రతి దారినీ ఒకే ప్రశ్నతో కొలవండి: సగంలో ఇది వద్దనిపిస్తే, వెనక్కి రావడానికి ఎన్నేళ్లు పోతాయి, చేతిలో ఏ సర్టిఫికెట్ మిగులుతుంది?

ముందు పిల్లల్ని చూడండి

ఒక గంట చాలు. అందులో సగమైనా తల్లిదండ్రులు పక్కన లేకుండా మాట్లాడండి. నాన్న ఎదుట కూర్చున్న అబ్బాయి "ఇంజినీరింగ్ అంకుల్" అనే అంటాడు. నాన్న టీకి లేచి వెళ్లాక అసలు మాట బయటికొస్తుంది.

మార్కుల మెమో చూడటం కంటే తెల్లకాగితం మీద మూడు లెక్కలు చేయించడం మేలు. మొదటిది, x² – 5x + 6 = 0 లాంటి నేరుగా చేసే సమీకరణం. రెండోది అదే సమీకరణానికి దారితీసే మాటల లెక్క: ఒక దీర్ఘచతురస్రం పొడవు వెడల్పుల మొత్తం 5 మీటర్లు, వైశాల్యం 6 చదరపు మీటర్లు, కొలతలెంత? మూడోది, బొమ్మ తనే గీసుకుని చేయాల్సిన ఎత్తులు, దూరాల లెక్క. జవాబు వచ్చిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు, పెన్ను ఎక్కడ ఆగిందో చూడండి. మొదటిది గబగబా చేసి రెండో దాని దగ్గర ఆగిపోతే, ఆ పిల్లలు పద్ధతి బట్టీ పట్టారు గానీ లెక్కను కట్టడం రాలేదని అర్థం. పదిలో మంచి మార్కులుండి ఇంటర్ ఫస్టియర్‌లో కుదేలయ్యేవాళ్లలో ఎక్కువమంది ఈ రకమే. రెండోదాన్ని కట్టి కూడికలో తప్పుచేసిన పిల్లల గురించి అంత దిగులు అక్కర్లేదు, సాధనతో సర్దుకుంటుంది.

తర్వాత నాలుగు సంగతులు అడిగి రాసుకోండి. ఎన్నేళ్ల దాకా ఇంటికి వీళ్ల సంపాదన అవసరం లేదు? హాస్టల్లో ఉండగలరా, అమ్మాయినైతే పంపుతారా? ఇప్పటిదాకా ఏ మీడియం? ఫీజుకి నికరంగా ఏడాదికి ఎంత పెట్టగలరు (అప్పు కాకుండా)? ఈ నాలుగింటికి జవాబులు లేకుండా చెప్పే సలహా గాల్లో దీపమే.

ఆప్టిట్యూడ్ పరీక్షలు రాయించమంటారా అని చాలామంది అడుగుతారు. వాటిలో బాగా వాడుకలో ఉన్న ఒక నమూనా అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ రూపొందించినది. మనుషుల ఆసక్తులను అది ఆరు రకాలుగా విడదీస్తుంది: చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపారం, పద్ధతిగా చేసే ఆఫీసు పని. మాట కదపడానికి బాగా పనికొస్తుంది. కానీ అది కొలిచేది ఇష్టాన్ని, శక్తిని కాదు. పైగా పదిహేనేళ్ల పిల్లలు చూడని పని మీద ఇష్టం ఎలా చెప్పగలరు? రంగుల రిపోర్టు చేతిలో పెట్టి "మీవాడు సివిల్ ఇంజినీర్" అని తేల్చేసే చోట డబ్బు పెట్టకండి.

ఇంకొకటి. పది పరీక్షలు కాకముందే కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చేస్తారు. వాళ్లు చెప్పేదంతా అబద్ధమని కాదు, కానీ వాళ్ల జీతం అడ్మిషన్ల మీదే నడుస్తుంది. ఎవరు సలహా చెప్పినా "ఇక్కడ చేరితే మీకేమైనా వస్తుందా?" అని అడిగేలా తల్లిదండ్రులను సిద్ధం చేయండి. ఆ ప్రశ్న మీక్కూడా వర్తిస్తుంది.

ఇంటర్: గ్రూపు దగ్గరే అసలు ఎంపిక

ఇంటర్ రెండేళ్లు. ఎక్కువ దారులు తెరిచి ఉంచేది ఇదే, నిజమే. అయితే "ఇంటర్" అని ఒక్కమాటగా చెప్పడం సరిపోదు. తెరిచి ఉంచేదీ, మూసేదీ గ్రూపే.

ఎంపీసీతో ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో నేవీ, ఎయిర్‌ఫోర్స్, పైలట్ శిక్షణ, బీఎస్సీ లెక్కలు, స్టాటిస్టిక్స్ అందుబాటులో ఉంటాయి. బీఫార్మసీకి కూడా ఎంపీసీ వాళ్లు వెళ్లొచ్చు, ఇది చాలామందికి తెలీదు. డిగ్రీలో బీకామ్‌కో బీఏకో మారాలన్నా అడ్డు లేదు. "ఏమీ తేల్చుకోలేకపోతే ఎంపీసీ తీసుకో" అనే సలహా ఇక్కడినుంచే పుట్టింది. అందులో సగమే నిజం. లెక్కలంటే గిట్టని పిల్లలకు ఎంపీసీ ఏ తలుపూ తెరవదు. ఫస్టియర్ లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కి, సెకండియర్‌లో మళ్లీ తప్పి, చివరికి బొటాబొటి మార్కులతో బయటపడ్డవాళ్ల చేతిలో ఉండేది పేరుకే ఎంపీసీ.

బైపీసీ అనగానే ఇంట్లో అందరికీ కనబడేది తెల్లకోటు. నీట్ 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఎన్నిసార్లు రాయాలనే పరిమితి లేదు, అసలు ఉచ్చు అదే. మొదటిసారి రాలేదని లాంగ్ టర్మ్ కోచింగ్, మళ్లీ రాలేదని ఇంకో లాంగ్ టర్మ్... ఇరవై ఏళ్లొచ్చినా చేతిలో ఇంటర్ మెమో తప్ప ఏమీ ఉండదు. బైపీసీలో చేరే ముందే ఒక ఒప్పందం కాగితం మీద రాయించండి: నీట్ ఎన్నిసార్లు, రాకపోతే ఏ కోర్సు. రెండో దారికి కొరతేం లేదు. ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం రాస్తే బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, బీఫార్మసీ, ఫార్మ్‌డీ ఉన్నాయి. బయోటెక్నాలజీ లాంటి కొన్ని బీటెక్ బ్రాంచీలకు కూడా బైపీసీ వాళ్లను తీసుకుంటారు. ఆ పేర్లు ముందే వినివుంటే, నీట్ పోయిన రోజు ఆ కోర్సులు "మిగిలినవి"గా అనిపించవు.

ఎంఈసీ, సీఈసీలను రెండో రకం పిల్లల గ్రూపులుగా చూసే అలవాటు మనకు ఇంకా పోలేదు. సీఏ ఫౌండేషన్ ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు గానీ, ఎంఈసీ వాళ్లకు అకౌంట్స్, ఎకనామిక్స్ ముందే పరిచయం కావడంతో భారం తగ్గుతుంది. లెక్కలు వచ్చి, ఫిజిక్స్, కెమిస్ట్రీ మీద ఆసక్తి లేని పిల్లలకు ఎంపీసీ కంటే ఎంఈసీయే సరైనది. సివిల్స్, గ్రూప్స్, లా అనుకునేవాళ్లకు సీఈసీ, హెచ్ఈసీ పనికొస్తాయి. ఐదేళ్ల లా కోర్సుకు గ్రూపుతో పని లేదు. ఎన్‌డీఏలో ఆర్మీ విభాగానికీ అంతే. మూసుకుపోయేది ఇంజినీరింగ్, వైద్యం వైపు. అది పిల్లలకు కాగితం మీద చూపించే చేర్పించండి.

గ్రూపు మార్చుకోవాలంటే? చేరిన మొదటి వారాల్లో అయితే కాలేజీలోనే మార్చేస్తారు. బోర్డుకు పేర్లు వెళ్లి, ఫస్టియర్ పరీక్షలు రాశాక మారాలంటే మళ్లీ ఫస్టియర్ నుంచే, అంటే ఒక ఏడాది పోతుంది. ఎంపీసీ పూర్తిచేశాక డాక్టరు కావాలనిపించిన వాళ్ల కోసం, బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినా నీట్‌కు అర్హతగా తీసుకుంటామని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించింది. దారి ఉంది కదా అని దాన్ని ముందే ప్లానులో పెట్టుకోవద్దు.

కాలేజీ ఎంపికలో ఒకే మాట. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు 67.5 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ మెయిన్ వేరే రకం, అడ్వాన్స్‌డ్ ఇంకా వేరు. "ఐఐటీ బ్యాచ్" అని పేరు పెట్టి ఎక్కువ ఫీజు అడిగితే, పిల్లలు చేసిన ఆ మూడు లెక్కల కాగితం ఒకసారి తీసి చూడండి. మాటల లెక్కను సొంతంగా కట్టగలిగిన వాళ్లకే ఆ బ్యాచ్ ఉపయోగం. మిగతావాళ్లు అందులో రెండేళ్లు కూర్చుని, బోర్డు పరీక్షకూ ఈఏపీసెట్‌కూ అవసరమైన మామూలు సాధన కూడా పోగొట్టుకుంటారు.

పాలిటెక్నిక్: ఆరేళ్ల లెక్క

డిప్లొమా మూడేళ్లు. పాలిసెట్ ర్యాంకుతో సీటు. ఆ పరీక్ష పదో తరగతి పాఠాల మీదే ఉంటుంది, నెగెటివ్ మార్కులు లేవు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ సెకండియర్‌లో నేరుగా చేరొచ్చు. ఇక్కడ ఒక చిన్న కూడిక తల్లిదండ్రులకు చేసి చూపించాలి. ఇంటర్ 2 + బీటెక్ 4 = 6. డిప్లొమా 3 + బీటెక్ 3 = 6. ఏడాది కూడా తేడా రాదు. పైగా మూడో ఏడాది చివర ఒక డిప్లొమా చేతిలో ఉంటుంది. ఇంట్లో ఏ కష్టం వచ్చినా అక్కడ ఆగి ఉద్యోగం వెతుక్కోవచ్చు. రైల్వే జూనియర్ ఇంజినీర్, ఎస్ఎస్‌సీ జూనియర్ ఇంజినీర్ పోస్టులకు సంబంధిత బ్రాంచి డిప్లొమాతో దరఖాస్తు చేయొచ్చు. ఇంటర్ మెమోతో సగంలో ఆగినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అందుకే, నాలుగైదేళ్లలో ఇంటికి సంపాదన కావాల్సి రావచ్చు అనిపించే కుటుంబాలకు ఇంటర్ కంటే ముందు పాలిటెక్నిక్ పేరే చెప్పాలి.

ఇప్పుడు రెండోవైపు.

"లెక్కలు కష్టంగా ఉన్నాయి, అందుకే డిప్లొమా" అని చేర్పించడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఇంటర్‌లో రెండేళ్లపాటు నెమ్మదిగా నడిచే త్రికోణమితి, మాత్రికలు, అవకలనం డిప్లొమాలో మొదటి ఏడాదిలోనే గబగబా వచ్చిపడతాయి. వాటిపైన సమాకలనం, అవకలన సమీకరణాలు. లెక్కలంటే భయపడి ఇంటర్ వదిలేసినవాళ్లకు డిప్లొమాలో అవే లెక్కలు ఇంకా తొందరగా ఎదురవుతాయి. ఈసెట్ 200 మార్కుల్లో 50 లెక్కలవే, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా 100 సొంత బ్రాంచివి.

రెండోది సీట్లు. బ్రాంచిలో ఉన్న సీట్లకు పదో వంతు ఇలా నేరుగా సెకండియర్‌లో చేరేవాళ్లకు (లేటరల్ ఎంట్రీ) అదనంగా కేటాయిస్తారు. 60 సీట్ల బ్రాంచికి 6. మొత్తం మీద ఏదో ఒక కాలేజీలో సీటు దొరకడం కష్టం కాదు గానీ, పేరున్న యూనివర్సిటీ కాలేజీలో మంచి బ్రాంచి కావాలంటే ఆ ఆరుగురిలో ఉండాలి. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో ఇలా సెకండియర్‌లో చేరే దారి లేదు. పెద్ద సంస్థే లక్ష్యం, దానికి తగ్గ శక్తి కూడా కనబడుతోంది అంటే ఇంటరే సరి.

మూడోది, అక్కడ జరిగే పని. డిప్లొమాలో చేరాలో వద్దో తేల్చడానికి పిల్లల్ని ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపుకు తీసుకెళ్లడం వంద మాటల పెట్టు. ప్రిన్సిపల్‌ని అడిగితే సాధారణంగా కాదనరు. ఫిట్టింగ్ షాపులో మొదట ఇచ్చే పని అరచేతిలో ఇమిడే ఇనప పలక. వైస్‌లో బిగించి, ఆకురాయితో రాసి, నాలుగు అంచులూ సరిగ్గా లంబకోణంలోకి తేవాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, సందులోంచి సన్నటి వెలుగు గీత కనబడుతుంది. అంటే అక్కడ పల్లంగా ఉంది, దాని పక్కన ఇంకా ఎత్తుంది. మళ్లీ రాయాలి. ఆత్రంగా రాస్తే మధ్యలో గుబ్బ లేచి అంచులు వాలిపోతాయి, ఇంకా చెడుతుంది. ఆ పలకతో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టి, వెలుగు గీత పోయినప్పుడు మొహం విప్పారిందా, లేక పదో నిమిషానికే గడియారం చూశారా? మీకు కావాల్సిన జవాబు అందులో ఉంది. కంప్యూటర్ బ్రాంచి తీసుకున్నవాళ్లకు ఈ పరీక్ష అంతగా వర్తించదు, నిజమే. కానీ కంప్యూటర్ డిప్లొమా తీసుకునే ముందు ఇంకొకటి ఆలోచించాలి: సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కువగా డిగ్రీ అడుగుతాయి, కాబట్టి ఆ బ్రాంచిలో మూడేళ్లకు ఆగిపోయే వీలు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లంత ఉండదు.

తెలుగు మీడియం పిల్లల సంగతి విడిగా చెప్పాలి. డిప్లొమా పుస్తకాలు, పరీక్షలు ఇంగ్లిషులో ఉంటాయి. మొదటి మూడు నెలలు పాఠం అర్థం కాక కాదు, ప్రశ్న అర్థం కాక మార్కులు పోతాయి. చేరబోయే ముందు సెలవుల్లో పదో తరగతి ఫిజిక్స్, లెక్కల పుస్తకాలు ఇంగ్లిషు మీడియంవి తెప్పించి, తెలిసిన పాఠాన్నే ఇంగ్లిషులో చదివించండి. రోజుకు రెండు పేజీలు, కొత్త పదాలు నోటుబుక్కులో. నలభై రోజుల్లో భయం సగం పోతుంది.

వెనక్కి రావడానికి ఎంత? మొదటి ఏడాది తర్వాత మానేస్తే ఇంటర్ ఫస్టియర్ నుంచి మొదలు, ఒక ఏడాది నష్టం. రెండేళ్ల తర్వాత మానేస్తే రెండేళ్లు. అందుకే డిప్లొమాలో చేరితే పూర్తిచేయాలి. బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోయిన వాళ్లకు "మానేసి ఇంటర్ రాయి" అని చెప్పే ముందు, మిగిలిన సబ్జెక్టులు ఎన్నో, వాటిలో లెక్కలు ఎన్నో లెక్కేయండి. చాలాసార్లు ఆరు నెలల ట్యూషన్‌తో పోయేదానికి రెండేళ్లు వదిలేస్తుంటారు.

ఈసెట్ ద్వారా బీటెక్‌లోకి వెళ్లినవాళ్లకు ఇంకో చిన్న గుంట ఉంది. తోటివాళ్లు ఫస్టియర్‌లో సీ ప్రోగ్రామింగ్, ఇంజినీరింగ్ లెక్కలు చదివేసి ఉంటారు. వీళ్లు మూడో సెమిస్టర్‌లో నేరుగా దిగుతారు. ఈసెట్ రాసిన తర్వాత క్లాసులు మొదలయ్యేలోపు దొరికే వేసవి ఆ రెండింటికే వాడాలి.

ట్రిపుల్ ఐటీ

ఆర్జీయూకేటీ 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలతో మొదలైంది. తర్వాత శ్రీకాకుళం, ఒంగోలు వచ్చాయి. పది తర్వాత ఆరేళ్లు ఒకేచోట: రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. ఎంట్రన్స్ లేదు, పది మార్కుల మీదే సీటు. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు కొంత కలుపుతారు. పల్లెల్లో బాగా చదివే పేద పిల్లలకు ఇంతకంటే మంచి బేరం లేదు.

ఇందులో మేలైన సంగతి ఒకటుంది. పీయూసీ ఇంటర్‌తో సమానం కాబట్టి రెండేళ్ల తర్వాత బయటికొచ్చినా ఏమీ పోదు. ఇబ్బంది కూడా ఒకటుంది. ప్రతి ఒక్కరూ తమ బడిలో ఫస్ట్ వచ్చినవాళ్లే అక్కడ కలుస్తారు. బడిలో ఎప్పుడూ మొదటి స్థానంలో ఉన్న అమ్మాయికి మొదటి సెమిస్టర్‌లో మధ్యలో ఎక్కడో పేరు కనబడితే లోలోపల కుంగిపోతుంది, ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోదు. పైగా బీటెక్‌లో బ్రాంచి పీయూసీ మార్కులను బట్టి వస్తుంది. ఈ రెండూ చేరకముందే చెప్పి పంపండి. డాక్టరు కావాలన్న కోరిక గట్టిగా ఉంటే ఇది తగిన చోటు కాదు.

ఐటీఐ: పద్దెనిమిదేళ్ల లోపు గుంట

ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, మెషినిస్ట్ రెండేళ్ల ట్రేడ్లు. వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్), డీజిల్ మెకానిక్ ఏడాదివి. తొందరగా సంపాదన కావాలంటే ఐటీఐ అంటారు. ఇక్కడ వయసు లెక్క ఎవరూ వేయరు. పదిహేనేళ్లకు పది పాసై, పదహారుకు వెల్డర్ సర్టిఫికెట్ తెచ్చుకున్న అబ్బాయిని ఏ మంచి ఫ్యాక్టరీ ఉద్యోగంలోకి తీసుకుంటుంది? పద్దెనిమిది నిండనివాళ్ల విషయంలో కార్మిక చట్టాల నిబంధనలు గట్టివి, కంపెనీలు ఆ తలనొప్పి పెట్టుకోవు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకూ పద్దెనిమిది నిండాలి. ఆ మధ్యకాలంలో అబ్బాయి చిన్న షాపులో, అద్దాల హెల్మెట్ కూడా లేకుండా, రోజుకూలీకి కుదురుకుంటాడు. అక్కడే ఉండిపోతాడు.

కాబట్టి ఐటీఐ అయితే రెండేళ్ల ట్రేడే చూడండి. పదిహేడుకు సర్టిఫికెట్. ఆ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒక పెద్ద సంస్థలో అప్రెంటిస్‌షిప్, స్టైపెండ్ వస్తుంది. పూర్తయ్యేసరికి పద్దెనిమిది దాటి, చేతిలో రెండు సర్టిఫికెట్లు ఉంటాయి. పక్కనే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టిస్తే డిగ్రీకి దారి కూడా మూసుకుపోదు. రెండేళ్ల ట్రేడు బాగా చేసినవాళ్లకు డిప్లొమా రెండో ఏడాదిలో చేరే అవకాశం కూడా ఉంది, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి.

ప్రైవేటు ఐటీఐలో చేర్చేటప్పుడు గుర్తింపు సంస్థకు ఉందా అని కాదు, ఆ ట్రేడుకు, ఆ బ్యాచికి ఉందా అని అడగండి. తర్వాత వర్క్‌షాపులోకి వెళ్లి లేత్ మిషన్ల మీద దుమ్ము చూడండి. కట్టింగ్ ఆయిల్ మరకలు, కింద ఇనప రజను ఉంటే పిల్లలు పని నేర్చుకుంటున్నారని అర్థం. మిషన్లు తళతళా మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

రెండు దారుల మధ్య తేలనప్పుడు

ఎక్కువగా వచ్చే సందేహం ఎంపీసీనా, పాలిటెక్నిక్కా అని. మూడు లెక్కలూ కట్టగలిగి, ఆరేళ్లు చదివించే స్తోమత ఇంట్లో ఉంటే ఎంపీసీ. లెక్కలు ఒక మాదిరిగా వచ్చి, చేతిపని మీద మనసుండి, ఇంటి పరిస్థితి గ్యారంటీ లేకపోతే పాలిటెక్నిక్. ట్రిపుల్ ఐటీ సీటు వచ్చి, హాస్టల్‌కి అభ్యంతరం లేకపోతే మూడోమాట లేదు, అదే. ఇక లెక్కలు రావు, చేతిపనీ ఇష్టం లేదు, ఇంట్లో మాత్రం ఇంజినీరింగ్ అంటున్నారు అంటే, మీరు మాట్లాడాల్సింది పిల్లలతో కాదు, తల్లిదండ్రులతో. సీఈసీ చదివి బీకామ్ చేసి జీఎస్టీ రిటర్నులు వేసే అమ్మాయి, బ్యాక్‌లాగ్‌లతో నాలుగేళ్లు కూర్చున్న బీటెక్ అబ్బాయి కంటే ముందే స్థిరపడుతుందని వాళ్లకు లెక్కేసి చెప్పాలి.

మాటల మధ్యలో నిద్ర పట్టడం లేదని, తిండి సహించడం లేదని, బతకాలని లేదని ఏ రూపంలో వినబడినా కోర్సుల సంగతి అక్కడే ఆపేయండి. అది మీరు ఒక్కరే మోసే విషయం కాదు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి, టెలీ మానస్ 14416కి ఆ గదిలోంచే ఫోన్ చేయించండి. పిల్లల్ని ఒంటరిగా వదిలి రావద్దు.

కాగితాలు, ఆప్షన్లు

ఇంత ఆలోచించి తీసుకున్న నిర్ణయం రెండు చిన్న చోట్ల పాడైపోతుంటుంది.

ఒకటి ఒరిజినల్స్. ఇంటర్ క్లాసులు ముందుగా మొదలవుతాయి. పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ సీట్లు ఆ తర్వాత వస్తాయి. ఈలోగా ప్రైవేటు కాలేజీలో చేరి టీసీ, మెమో అప్పజెప్తే, సీటు వచ్చాక వెనక్కి ఇవ్వడానికి "రెండేళ్ల ఫీజు కట్టండి" అనే చోట్లు ఉన్నాయి. వేరే చోట దరఖాస్తు పెట్టి ఉంటే ఒరిజినల్స్ ఇవ్వకండి, జిరాక్సులిచ్చి గడువు అడగండి. తప్పక ఇవ్వాల్సి వస్తే ఏ కాగితాలు ఇచ్చారో రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి. చదువుకున్న ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఏప్రిల్‌లోనే తీసి పెట్టుకోండి. స్థానికత నిర్ణయించేది ఆ స్టడీ సర్టిఫికెట్లే. ఒక ఏడాది వేరే ఊళ్లో చదివి ఉంటే అదే దొరకక పరుగులు పెట్టాల్సి వస్తుంది.

రెండోది వెబ్ ఆప్షన్లు. కంప్యూటర్ ర్యాంకు వరసలో ఒక్కొక్కరినీ తీసుకుని, వాళ్ల ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తూ, ఖాళీగా కనబడ్డ మొదటి సీటు ఇచ్చేస్తుంది. అంటే మూడో ఆప్షన్ దగ్గర సీటు దొరికితే నాలుగోది ఇక చూడదు. "మనకొచ్చే కాలేజీ పైన పెడదాం, సేఫ్" అనుకుంటే ఆ కాలేజీయే వస్తుంది, అంతకంటే మంచిది దొరికే ర్యాంకు ఉన్నా సరే. కోరుకున్న వరసలోనే పెట్టాలి. కష్టమనిపించేవి పైన పెట్టడం వల్ల కింది వాటికి ఏ నష్టమూ లేదు. పోయినేడాది చివరి ర్యాంకులు చూసేటప్పుడు మీ కేటగిరీ, అబ్బాయా అమ్మాయా అన్న కాలమ్ చూడండి, ఓసీ కాలమ్ చూసి బెంగపడకండి. చేరే ఉద్దేశం లేని కాలేజీ మాత్రం జాబితాలో అసలు పెట్టకండి. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి విడత సీటు దానంతటదే పోతుంది, కాబట్టి ఉన్నదాని కంటే మంచివే అక్కడ ఇవ్వాలి.

ఆప్షన్లు పెట్టేది నెట్ సెంటర్లో అయినా, వరస ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాస్‌వర్డ్ పిల్లల దగ్గరే ఉండాలి, ఓటీపీ వచ్చే నంబరు ఇంట్లోవాళ్లదే అయ్యుండాలి. ఫ్రీజ్ చేశాక ప్రింటు తీసి, కాగితంలోని వరసతో వేలు పెట్టి సరిచూసుకోండి. కాలేజీ కోడ్‌లో ఒక్క అక్షరం తేడాతో ఇంకో జిల్లాలో సీటు తెచ్చుకున్నవాళ్లున్నారు.

చేరాక ఆగస్టు చివర్లో ఒకసారి కలవండి. అప్పటికి మొదటి యూనిట్ టెస్టు పేపర్లు చేతికొస్తాయి. మార్కులడగకుండా, లెక్కల పేపరు తెమ్మనండి. మళ్లీ పెన్ను ఎక్కడ ఆగిందో చూడండి.